ట్రాక్ డేకి వెళ్తే రోడ్డు మీద బండి బాగా నడపడం వస్తుందా?

మా బామ్మర్ది ఈ మధ్య కేటీఎం ఆర్‌సీ 390 కొన్నాడు. ఉప్పల్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి రోజూ దాని మీదే. కొన్న మూడో వారం ఫోన్ చేసి, "బావా, చెన్నై ట్రాక్‌కి పోదాం. ఒక్కరోజు అక్కడ నడిపితే ఇక్కడ కళ్ళు మూసుకుని నడపొచ్చంట" అన్నాడు. కళ్ళు మూసుకుని నడిపేవాళ్ళు మన రోడ్ల మీద ఇప్పటికే కావలసినంత మంది ఉన్నారు, నువ్వు కూడా ఎందుకురా అన్నాను.

నవ్వుకున్నాం గానీ, వాడు అడిగింది మంచి ప్రశ్నే. ట్రాక్ డే అంటే రేసు కాదు. ఫీజు కట్టి, మన బండి మీదే, రేసు ట్రాక్ మీద రోజంతా విడతలుగా నడుపుకోవడం. ఒక్కో విడత పదిహేను, ఇరవై నిమిషాలు. అక్కడ ఎదురొచ్చే లారీ ఉండదు, అడ్డం వచ్చే గేదె ఉండదు, రంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకర్ ఉండదు. ఇవేవీ లేని చోట నేర్చుకున్నది, ఇవన్నీ ఉన్న చోట పనికొస్తుందా?

నేను ట్రాక్ మీదికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి కోచ్‌లు ఉండే ట్రాక్ స్కూల్‌కి, రెండోసారి ఎవరి మానాన వాళ్ళు నడుపుకునే ఓపెన్ ట్రాక్ డేకి. మట్టిలో బండి నడపడం నేర్పే క్లాసు కూడా ఒకటి చేశాను. మిగతా పన్నెండేళ్ళూ రోడ్డు మీదే. నా లెక్క ముందే చెప్పేస్తాను. రోడ్డు కోసమే నేర్చుకోవాలనుకుంటే ఓపెన్ ట్రాక్ డేకి డబ్బు పెట్టొద్దు. ట్రాక్ స్కూల్ మంచిదే, కానీ అది రెండో మెట్టు. మొదటి మెట్టు మీ ఇంటి దగ్గర ఖాళీ రోడ్డు మీదే ఉంది, పైసా ఖర్చు లేదు. ఊళ్ళ మధ్య రోడ్ల మీద ఎక్కువ తిరిగేవాళ్ళు అయితే ట్రాక్ కంటే ముందు మట్టిలో నడపడం నేర్చుకోండి.

ఇంకొక మాట. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో నూటికి 44 మందికి పైగా టూ వీలర్ల మీద ఉన్నవాళ్ళే. హెల్మెట్ పెట్టుకోకుండా పోయినవాళ్ళే 50 వేల మంది. కాబట్టి ఐఎస్ఐ మార్కు ఉన్న ఫుల్ ఫేస్ హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించుకునే అలవాటు ఇంకా లేనివాళ్ళు ఈ వ్యాసం ఇక్కడే ఆపేసి ముందు ఆ పని చూసుకోవచ్చు. ఏ స్కూలూ దాని ముందు నిలవదు.

ముందు బ్రేకు

అమెరికాలో లాస్ ఏంజెలిస్ చుట్టుపక్కల జరిగిన 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను స్వయంగా చూసి, కొలిచి, 1981లో హ్యారీ హర్ట్ అనే ఆయన బృందం ఒక నివేదిక ఇచ్చింది. పాతదే, దేశమూ వేరే. కానీ చదువుతుంటే మన యూ-టర్న్‌ల దగ్గర జరిగేవే గుర్తొస్తాయి. ఇంకో వాహనంతో గుద్దుకున్న ప్రమాదాల్లో దాదాపు మూడింట రెండొంతులు, దారి ఇవ్వాల్సినవాడు ఇవ్వకుండా అడ్డం తిప్పడం వల్ల జరిగినవి. ప్రమాదం కనపడ్డాక బండి మీద ఉన్నవాడికి మిగిలిన సమయం రెండు సెకన్లు కూడా లేదు. ఆ కాస్త సమయంలో చాలామంది చేసిన పొరపాటు ఏమిటంటే, వెనక బ్రేకు మీద ఎగిరి తొక్కి స్కిడ్ అవడం, ముందు బ్రేకు సరిగా పట్టకపోవడం. నూటికి 92 మంది ఎక్కడా శిక్షణ తీసుకోలేదు. సొంతంగానో, ఇంట్లోవాళ్ళ దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్ళే.

మనమూ అంతే కదా. నాకు మా బాబాయి నేర్పాడు, స్ప్లెండర్ మీద, ఊరి చెరువు కట్ట మీద. ఆయన మొదటి పాఠం "ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావ్". పాపం ఆయనకి ఎవరు చెప్పారో! పదేళ్ళు ఆ మాట మీదే నడిపాను.

కిందటి నెల మా బామ్మర్దిని ఘట్‌కేసర్ దాటాక ఒక వెంచర్‌లోకి తీసుకెళ్ళాను. ప్లాట్లు అన్నీ అమ్ముడయ్యాయి, ఇల్లు ఒక్కటీ లేదు. నున్నటి తారు రోడ్డు, ఆదివారం పొద్దున కుక్క కూడా లేదు. సుద్దముక్కతో అడ్డంగా గీత గీశాం. 40 స్పీడ్‌లో వచ్చి, గీత దగ్గర బ్రేకు పట్టి, ఎక్కడ ఆగాడో అక్కడిదాకా అంగలు వేసి కొలవాలి. మొదటిసారి వాడికి 22 అంగలు పట్టింది. ఆర్‌సీ 390 లాంటి బండి, ముందు అంత పెద్ద డిస్కు, అయినా 22. కాలు అలవాటుగా వెనక బ్రేకు మీదికే వెళ్ళింది, వేళ్ళు ముందు లివర్ మీద ఊరికే వాలాయి.

తర్వాత లివర్ మీద రెండు వేళ్ళు పెట్టించి, నిమ్మకాయ పిండినట్టు పట్టమన్నాను. మొదట మెత్తగా, బండి ముందుకి వంగాక గట్టిగా. ఒకేసారి లాగకూడదు. బరువంతా ముందు టైరు మీదికి వచ్చాకే ఆ టైరుకి పట్టు వస్తుంది, రాకముందే లాగితే జారుతుంది. పది పదిహేనుసార్లు చేశాక 13 అంగల్లో ఆగాడు. చివర్లో కావాలనే గట్టిగా పట్టి, చక్రం లాక్ అవకుండా చూసే ఏబీఎస్ పనిచేసేటప్పుడు లివర్ చేతిలో ఎలా అదురుతుందో చూశాడు. ఆ అదురుడు ముందే తెలిసి ఉండాలి, లేకపోతే అసలు అవసరంలో భయపడి లివర్ వదిలేస్తారు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ పైన అమ్మే బళ్ళన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. అయితే చాలా బళ్ళలో అది ముందు చక్రానికే ఉంటుంది, వెనకది లాక్ అవుతుంది. మీది ఏ రకమో చూసుకోండి. ఆ 2019 నిబంధనలో 125, అంతకంటే చిన్న బళ్ళకి రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ ఉన్నా చాలు అన్నారు.

22 నుంచి 13కి వచ్చిన ఆ తొమ్మిది అంగలు అంటే ఒక ఆటో పొడవు కంటే రెట్టింపు. స్పీడ్ పెరిగితే తేడా ఇంకా పెరుగుతుంది. 60లో వెళ్తుంటే, అడ్డం వచ్చినదాన్ని చూసి చెయ్యి బ్రేకు మీద పడేలోపే ఒక సెకను, అంటే 16, 17 మీటర్లు పోతాయి. ఆ తర్వాత బాగా పట్టినా ఇంకో 20 మీటర్లు. అదే 80లో అయితే ముందు 22, తర్వాత 36. ఇదంతా నేర్చుకోవడానికి చెన్నై దాకా పోనక్కర్లేదు, వెంచర్ చాలు.

ట్రాక్ స్కూల్లో దొరికేది

మనవాళ్ళకి అందుబాటులో ఉన్న పెద్ద సర్క్యూట్ అంటే చెన్నైదే. శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి నడుస్తోంది, ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. నెల్లూరు, తిరుపతి వాళ్ళకి రెండు మూడు గంటల దూరం. హైదరాబాద్ నుంచి అయితే 600 కిలోమీటర్లకి పైనే. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, చుట్టు 2.1 కిలోమీటర్లు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి చిన్న ట్రాకే నయం, స్పీడ్ తక్కువ, మలుపులు ఎక్కువ. గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ 5.1 కిలోమీటర్లు, 2023లో మోటోజీపీ బైక్ రేసు జరిగింది అక్కడే. అక్కడ కిలోమీటరు పైనున్న తిన్నటి దారి మీద 200 సీసీ బండికి చేసే పనేమీ లేదు, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి ఆవలించడమే. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది కదా అంటారేమో, అది మామూలు రోడ్డుకే కంచె కట్టి చేసింది. రేసు అయ్యాక అక్కడ మళ్ళీ మన ట్రాఫిక్కే.

నేను వెళ్ళిన స్కూల్లో మొదటి విడత ఒకే గేరులో, బ్రేకు వాడకుండా నడపమన్నారు. ఇదేం చోద్యం అనుకున్నాను. రెండు చుట్లు తిరిగాక అర్థమైంది. బ్రేకు లేదంటే, మలుపుకి ఎంత స్పీడ్‌లో రావాలో కళ్ళతో ముందే లెక్క కట్టుకోవాలి. రోడ్డు మీద నేను ఎప్పుడూ అలా లెక్క కట్టలేదు. వేగంగా వచ్చెయ్యడం, మలుపు చూసి బెదరడం, బ్రేకు నొక్కడం, అంతే.

కోచ్ నా వెనకాల రెండు చుట్లు వచ్చాడు, తర్వాత నన్ను దాటి, సీటు వెనక చెయ్యి తట్టి తన వెంట రమ్మన్నాడు. విడత అయ్యాక ఆయన చెప్పింది ఇంతే: "బండి తిరగాలని చూస్తోంది, నువ్వు దాని చేతులు పట్టుకుని ఆపుతున్నావ్." నిజమే, భయం వేసినప్పుడు నా మోచేతులు కర్రల్లా బిగుసుకుపోతాయి. కడుపుతో, తొడలతో ట్యాంకుని పట్టుకుని చేతులు వదులుగా పెట్టాక, అదే మలుపు అదే స్పీడ్‌లో నిమ్మళంగా తిరిగింది. ఇంకోటి, ఎడమకి తిప్పాలంటే ఎడమ హ్యాండిల్‌ని ముందుకి నెట్టాలి. తలకిందుల మాటలా ఉంటుంది. సైకిల్ తొక్కే ప్రతివాడూ తెలియకుండా చేసేది అదే. కావాలని చెయ్యడం వచ్చాక, ఉన్నట్టుండి కనపడ్డ గుంతని తప్పించడం సగం సులువైంది.

ఇక అన్నిటికంటే విలువైనది చూపు. స్కూల్‌కి వెళ్ళడానికి ముందు ఏడాది శ్రీశైలం వెళ్తున్నాను. దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపుల్లో ఒకచోట కాస్త ఎక్కువ స్పీడ్‌లో వచ్చేశాను. ఎదురుగా పిట్టగోడ. దాన్నే చూస్తున్నాను, బండి దాని దగ్గరికే వెళ్తోంది. చూస్తున్న కొద్దీ వెళ్తోంది. ముందు చక్రం గోడకి జానెడు దూరంలో ఆగింది. కాళ్ళు వణికి ఐదు నిమిషాలు అక్కడే కూర్చున్నాను, కోతులు వచ్చి బ్యాగ్ వైపు చూసేదాకా. కన్ను ఎటో బండి అటే. ట్రాక్ మీద ఒకే మలుపుని రోజంతా ముప్పై నలభై సార్లు తిరుగుతూ, ప్రతిసారీ మలుపు బయటికి పోయే చోటునే చూడమని కోచ్ అరుస్తుంటే ఆ అలవాటు మెడలోకి దిగింది. తర్వాత అదే ఘాట్‌లో అలాంటి ఇంకో మలుపులో బస్సు వెడల్పుగా వచ్చింది. ఈసారి నా కళ్ళు బస్సు మీద కాదు, బస్సుకీ కొండకీ మధ్య ఉన్న సందు మీద పడ్డాయి. బండి అందులోంచి వచ్చేసింది. ఆ ఒక్కదానికి స్కూల్ ఫీజు వసూలైంది అనుకున్నాను.

రోడ్డు మీదికి తీసుకురాకూడనివి

ట్రాక్ మీద నేర్పే లైన్ రోడ్డు మీద ప్రాణం తీస్తుంది. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. ట్రాక్ మీద మలుపుకి బయటి అంచు నుంచి వచ్చి, లోపలి అంచుని తాకి, మళ్ళీ బయటికి పోతాం. మన రోడ్డు మీద కుడి మలుపులో లోపలి అంచు అంటే నడిమి గీత. టైరు గీతకి ఇవతలే ఉన్నా, బండి కుడికి వాలినప్పుడు మన తల గీతకి అవతల, ఎదురొచ్చే బస్సు అద్దం ఉండే చోట ఉంటుంది. ఎడమ మలుపులో లోపలి అంచు అంటే రోడ్డు పక్క. ఇసుక లారీలు ఒలకబోసిన ఇసుక, ట్రాక్టర్ టైర్ల మట్టి అంతా చేరేది అక్కడే. పైగా బయటికి పోయేటప్పుడు నడిమి గీత మీదికి జారతాం. రోడ్డు మీద పనికొచ్చే లైన్ వేరే: నెమ్మదిగా రావడం, మలుపు అవతల ఏముందో కనపడేదాకా ఆగి, ఆలస్యంగా తిప్పడం, మన లేన్‌లో మనం ఉండటం.

సీటు పక్కకి వేలాడి మోకాలు నేలకి రాసే విద్య కూడా అంతే, అక్కడే వదిలేసి రండి. టైర్ల సంగతీ గుర్తుంచుకోవాలి. ట్రాక్ మీద మూడో చుట్టుకి టైర్లు వేడెక్కి జిగురులా పట్టుకుంటాయి. పొద్దున ఇంటి గేటు దాటి మొదటి మలుపు తిరిగేటప్పుడు అదే టైరు చల్లగా, నున్నగా ఉంటుంది.

ట్రాక్ ఎప్పటికీ నేర్పలేనివి కూడా ఉన్నాయి, అవే మనకి ఎక్కువ అవసరం. కోతల కాలంలో మలుపు తిరగ్గానే సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, కుప్ప చుట్టూ అంచులకి పెట్టిన రాళ్ళు. రాంగ్ రూట్‌లో లైటు లేకుండా వచ్చే ట్రాలీ ఆటో. ఇండికేటర్ కుడికి వేసి ఎడమకి తిరిగే కారు. వీటికి కావాల్సింది ముందే పసిగట్టే బుద్ధి, అది చేతి నైపుణ్యం కంటే వేరే విద్య.

నైపుణ్యం పెరిగితే ధైర్యం అంతకంటే ఎక్కువ పెరిగే ప్రమాదమూ ఉంది. నార్వేలో 1980ల ప్రాంతంలో కొత్త కారు డ్రైవర్లకి జారే రోడ్డు మీద నడిపే శిక్షణ తప్పనిసరి చేస్తే, కుర్రాళ్ళలో ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి. జారినా ఆపుకోగలం అన్న నమ్మకంతో ఇంకా వేగంగా నడిపారు. "మొత్తం సరదా ట్రాక్ మీద తీర్చేసుకుంటే రోడ్డు మీద నెమ్మదిస్తారు" అని ట్రాక్ ప్రియులు అంటారు. నా మటుకు నాకు అది నిజమే అయింది. నాతో వచ్చిన ఒకతను మాత్రం తిరుగు ప్రయాణంలో నాయుడుపేట దాకా నాకు కనపడలేదు, అంత వేగంగా పోయాడు. మీరు ఏ రకమో మీ ఇంట్లోవాళ్ళని అడగండి, కచ్చితంగా చెప్తారు.

ఓపెన్ ట్రాక్ డే, మట్టి

ఓపెన్ ట్రాక్ డే గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. చాలా బాగుంటుంది, మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది. కానీ తప్పు చేస్తే చెప్పేవాడు లేడు, అదే తప్పుని నలభైసార్లు ఇంకా వేగంగా చేస్తాం. సరదాకి డబ్బు పెట్టగలిగితే పెట్టండి, సినిమాకి పెట్టమా? రోడ్డు కోసం అని మాత్రం ఇంట్లో చెప్పకండి.

మట్టి మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. కోలార్ దగ్గర బిగ్ రాక్ డర్ట్ పార్క్ ఉంది. 2015లో ఎడారుల మీదుగా సాగే డకార్ ర్యాలీ పూర్తిచేసి, ఆ పని చేసిన మొదటి భారతీయుడైన సి.ఎస్. సంతోష్ పెట్టింది. కుప్పం, పలమనేరు, మదనపల్లె వాళ్ళకి ఇది చెన్నై కంటే దగ్గర. నేను చేసిన క్లాసు వేరే చోట, అయినా నేర్పే సంగతులు ఇవే. నిలబడి నడపడం, వదులు మట్టిలో వెనక చక్రం పక్కకి జారితే కంగారు పడకుండా వదిలెయ్యడం, కంకర మీద బ్రేకు ఎంత పట్టాలో వేళ్ళకి తెలియడం. స్పీడ్ 30 దాటదు. నేను నాలుగుసార్లు పడ్డాను, మోకాలు గీరుకుపోయింది, అంతే. ఇప్పుడు మలుపులో ఇసుక మీద టైరు కాస్త జారితే గుండె జారదు. మండల రోడ్లు, తవ్వి వదిలేసిన రోడ్లు, వాన పడిన బురద దారులు మీ రోజువారీ దారి అయితే, రెండింట్లో ఒక్కదానికే డబ్బు ఉంటే, నేను మట్టికే ఓటేస్తాను. హైవే, ఘాట్‌లు ఎక్కువ అయితే ట్రాక్ స్కూల్.

అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న మనవాళ్ళకి ఈ తికమక తక్కువ. అమెరికాలో ఎంఎస్ఎఫ్ (మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్) బేసిక్ కోర్సు పార్కింగ్ లాట్‌లోనే బ్రేకు, మలుపు నేర్పుతుంది. మొదట అదే చెయ్యండి. బ్రిటన్‌లో ఐఏఎం రోడ్‌స్మార్ట్ అనే సంస్థ తరఫున అనుభవం ఉన్న మనిషి అసలు రోడ్డు మీదే మీ వెనక వచ్చి, ఆగాక తప్పులు చెప్తాడు. ఆ పద్ధతి మనమూ చేసుకోవచ్చు. నెమ్మదిగా, జాగ్రత్తగా నడిపే, చెయ్యి తిరిగినవాళ్ళని ఒకరిని ఇరవై కిలోమీటర్లు మీ వెనక రమ్మనండి. టీ కొట్టు దగ్గర వినాల్సినవి వినండి, కోపం తెచ్చుకోకుండా.

ఖర్చూ, కాగితాలూ

ట్రాక్ స్కూల్‌కి ఫీజు ఒక్కటే కాదు. లెదర్ సూట్ అద్దె, వెన్నుకి కట్టుకునే ప్రొటెక్టర్, గ్లోవ్స్, బూట్లు, బండి అక్కడికి చేర్చే ఖర్చు, రెండు రాత్రుల బస, తిరిగొచ్చాక మార్చాల్సిన బ్రేకు ప్యాడ్లు. హైదరాబాద్ నుంచి నాకు అన్నీ కలిపి ఒక మంచి హెల్మెట్, జాకెట్ కొత్తవి కొనేంత అయింది. అవి ఇంకా లేనివాళ్ళు ముందు అవే కొనుక్కోవాలి. కొన్ని స్కూళ్ళు తమ బండే ఇస్తాయి. కుదిరితే మీ బండి మీదే వెళ్ళండి, ఎందుకంటే రోజూ నడిపేది దాన్నే. చిన్న బండి అని సిగ్గుపడొద్దు. ఆర్15, అపాచీ, ఎన్ఎస్ 200 లాంటివాటి మీద నేర్చుకున్నది పెద్ద బండి మీద రెండేళ్ళయినా రాదు. పెద్ద బండి ఇంజిన్ బలం మీ తప్పుల్ని దాచేస్తుంది.

ఇన్సూరెన్స్ కాగితం తీసి ఒకసారి చదవండి. బండి పాలసీలో వాడకం మీద పరిమితులు ఉన్న చోట ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్‌కి వర్తించదని రాసి ఉంటుంది. ట్రాక్ మీద బండి పడితే ఖర్చు మీదే అనుకుని బయల్దేరండి. హెల్త్ పాలసీల్లో సాహస క్రీడల మినహాయింపు మామూలుగా ప్రొఫెషనల్‌గా ఆడేవాళ్ళకే, అయినా మీ కంపెనీని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. వేసవిలో వద్దు. శ్రీపెరుంబుదూర్ ఎండలో లెదర్ సూట్ వేసుకుంటే మూడో విడతకి బుర్ర పనిచెయ్యదు, మధ్యాహ్నం పడేవాళ్ళలో సగం మంది అలసిపోయినవాళ్ళే అని నా అనుమానం. మా విడతల మధ్యలో నేను ఉప్పేసిన మజ్జిగ తాగుతూ కూర్చున్నాను, మిగతావాళ్ళు ల్యాప్ టైమ్‌లు చూసుకుంటుంటే.

మా బామ్మర్ది సంగతి. ట్రాక్ డే వద్దన్నానని రెండు రోజులు అలిగాడు. తర్వాత స్కూల్‌కి అయితే వస్తావా అని బేరం పెట్టాడు. ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి వాడి దారిలో ఘాట్ ఒక్కటీ లేదు, ఉన్నదంతా ఫ్లైఓవర్లు, యూ-టర్న్‌లు, మెట్రో పిల్లర్ల చాటు నుంచి దూకే మనుషులు. 60 స్పీడ్‌లో గీత నుంచి 25 అంగల లోపు వరసగా పదిసార్లు ఆగితే, చలికాలంలో చెన్నైకి సగం ఖర్చు నాది అన్నాను. పోయిన ఆదివారం మంచివి 25, 24 వచ్చాయి, తొమ్మిదోసారి 31. ఆఫీసు ఫోన్ గురించి ఆలోచిస్తున్నాడట. మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టాలి. ఈ ఆదివారం ఆరింటికి వెంచర్ దగ్గర. సుద్దముక్క వాడే తెస్తానన్నాడు.